కూలిన ఇంటికి సాక్ష్యం ఏది? సెయింట్ లూయిస్ ఇటుక వాడల పతనం, వాటి నమోదు

క్లుప్తంగా: 1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగర జనాభా 8,56,796. 2020 నాటికి 3,01,578 మంది మిగిలారు. ఈ ఖాళీ ఊరంతటా సమానంగా పరుచుకోలేదు. ఎక్కువ భాగం ఉత్తరాన ఉన్న ఇటుక ఇళ్ళ వాడల మీదే పడింది. అక్కడ ఒక ఇల్లు పడిపోవడానికి వాన, గాలి చివరి కారణాలు. అంతకు చాలా ముందే ఒప్పంద పత్రాలు, రుణ పటాలు, పన్ను బకాయిలు, వేలంపాటలు తమ పని చేసి ఉంటాయి. అందువల్ల ఫోటో ఒక్కటే ఉంటే ఏం జరిగిందో తెలియదు. ఇంటిని పార్సిల్ నంబరుతో (నగరం ఆ స్థలానికి ఇచ్చిన సంఖ్య), తేదీతో, దాని కాగితాల వరసతో కలిపి నమోదు చేయాలి. అదీ కప్పు నిలిచి ఉండగానే.

## టోర్నడో వదిలిన ప్రశ్న

2025 మే 16 మధ్యాహ్నం ఈఎఫ్-3 తీవ్రతతో వచ్చిన టోర్నడో ఫారెస్ట్ పార్క్ దాటి, ఫౌంటెన్ పార్క్, ద విల్, ఓఫాలన్, పెన్‌రోజ్ వాడల మీదుగా ఈశాన్యానికి పోయింది. వేల భవనాలు దెబ్బతిన్నాయి. వందేళ్ళకు పైగా నిలిచిన మందపాటి ఇటుక గోడలు అంత తేలిగ్గా ఎలా కూలాయన్న సందేహం వార్తలు చూసినవాళ్ళకు సహజంగానే వచ్చింది. ఆ వాడలు తెలిసినవాళ్ళకు వచ్చిన సందేహం వేరు. ఫోటోల్లో కనిపిస్తున్న శిథిలాల్లో గాలి చేసినవి ఎన్ని, అంతకు ముందు ఇరవై ముప్ఫై ఏళ్ళ ఖాళీతనం చేసినవి ఎన్ని?

ఈ రెండో ప్రశ్న వెనక డబ్బు ఉంది. బీమా, ప్రభుత్వ సాయం, కూల్చివేత ఖర్చు ఎవరు భరించాలన్న వాదన, అన్నీ ఆ ఇల్లు మే 15న ఏ స్థితిలో ఉందన్న దగ్గర ఆగుతాయి. వెనక గోడ అప్పటికే లేని ఇంటికీ, ఆ రోజే కప్పు ఎగిరిన ఇంటికీ తేడా చెప్పగలిగేది ముందటి రికార్డే.

ఈ ఊరికి ఇలాంటి దెబ్బ కొత్త కాదు. 1896 మే 27న వచ్చిన టోర్నడో దక్షిణాన లఫయెట్ స్క్వేర్ వాడను ధ్వంసం చేసింది. నదికి రెండు వైపులా కలిపి 255 మందికి తగ్గకుండా చనిపోయారు. ఇళ్ళ కట్టుబడి దాదాపు ఇలాంటిదే. కానీ అప్పటి సెయింట్ లూయిస్ పెరుగుతున్న ఊరు. 1900 జనగణనలో 5,75,238 మందితో దేశంలో నాలుగో స్థానంలో ఉంది. ఇళ్ళకు యజమానులున్నారు, వాళ్ళకు అప్పు పుట్టింది, పక్కనే ఇటుక బట్టీలు నడుస్తున్నాయి. 2025లో గాలి తగిలిన చోట ఈ మూడూ కరువు.

## ఇటుక ఎలా వచ్చింది, గోడలో ఏముంది

1849 మే నెలలో వైట్ క్లౌడ్ అనే ఆవిరి పడవలో పుట్టిన నిప్పు రేవులోని మరో ఇరవైకి పైగా పడవలను, ఒడ్డున నాలుగు వందలకు పైగా భవనాలను కాల్చేసింది. ఆ తర్వాత ఊరు చెక్క కట్టడాలను కట్టడి చేసి ఇటుక, రాయి వైపు మళ్ళింది. కాళ్ళ కింద మంచి బంకమట్టి ఉండటం అదృష్టం. 1868లో మొదలైన హైడ్రాలిక్ ప్రెస్ బ్రిక్ కంపెనీ పొడిమట్టిని యంత్రంతో ఒత్తి, అంచులు పదునుగా ఉండే నున్నటి ఇటుకలు చేసింది. ఆ నాణ్యత వల్లే సాదాసీదా కార్మికుడి ఇంటి ముఖానికి కూడా చెక్కిన కమానులు, నగిషీ చూరులు వచ్చాయి.

ఈ గోడ ఎలా కట్టారో తెలిస్తేనే ఎలా కూలుతుందో తెలుస్తుంది. చాలా ఇళ్ళలో గోడ మూడు పొరల ఇటుక, సుమారు 13 అంగుళాల మందం. వీధి వైపు పైపొర ఒత్తిన ఇటుక. దాని మధ్య సున్నం గీత అంగుళంలో ఎనిమిదో వంతు కూడా ఉండకపోవచ్చు. లోపలి పొరలు, పక్క, వెనక గోడలు మెత్తటి మామూలు ఇటుక. సిమెంటు లేదు, ఇనుప చువ్వ లేదు. మన పాత మేడల గానుగ సున్నం లాంటి సున్నపు కూర్పే అంటుకట్టు. గోడను నిలబెట్టేది దాని బరువు, పైనున్న కప్పు. ఇల్లు సన్నగా లోతుగా ఉంటుంది కాబట్టి నేల దూలాలు తరచుగా ఒక పక్క గోడ నుంచి మరో పక్క గోడకు పోతాయి. ముందు, వెనక గోడలకు ఆ పట్టు తక్కువ. కప్పును గాలి ఎత్తేస్తే గోడ తల మీద బరువూ పోతుంది, పక్క ఆసరా పోతుంది. అందుకే మందం ఎంతున్నా గోడ బయటికి వాలిపోతుంది.

మరో వివరం. దూలాల చివరలను గోడలో దూర్చే చోట ఏటవాలుగా కోసేవారు. నిప్పంటుకుని దూలం మధ్యలో విరిగితే, ఆ చివర గోడను పెకలించకుండా జారిపడుతుంది. లోపల అంతస్తులన్నీ కాలిపోయినా నాలుగు గోడలూ నిలిచి ఉన్న ఇళ్ళు కనిపించడానికి ఇది కారణం. అలా నిలిచిన గోడను చూసి ఇల్లు గట్టిగా ఉందని రాసుకునే సర్వే మనుషులు తక్కువేమీ కాదు.

ఇంటి రకాలను గుర్తుపట్టడం కూడా నమోదులో భాగమే. ముందు రెండు తలుపులు పక్కపక్కన ఉంటే కిందొక కుటుంబం, పైనొక కుటుంబం ఉండే ఇల్లు. నాలుగు తలుపులుంటే నాలుగు కుటుంబాలది. తర్వాత ఒక తలుపు ఇటుకతో మూసేసి ఉంటే, ఆ మూసిన చోటి కొత్త ఇటుక రంగే కథ చెబుతుంది. ఇంటి కప్పు ఒకే వైపుకి వాలి, నిలువునా సగానికి కోసినట్టు కనిపించే ఇళ్ళను అక్కడ ఫ్లౌండర్ ఇళ్ళంటారు. వీధి గోడలోంచి పెరటికి సన్నటి సొరంగంలా పోయే దారిని ఎలుకబొరియ అని పిలుస్తారు.

## జనం ఎందుకు తరలారు

1876లో నగరం తన కౌంటీ నుంచి విడిపోయి, సరిహద్దును శాశ్వతంగా గీసుకుంది. పన్ను డబ్బు పల్లెకు పోకూడదన్నది అప్పటి ఆలోచన. ఇరవయ్యో శతాబ్దంలో అదే గీత బయట శివార్లు పెరిగాక, వాటి ఆదాయం చాలావరకు నగరానికి రాకుండా పోయింది. విడాకులని స్థానికులు పెట్టిన పేరు అతిశయోక్తి కాదు.

ఇక జాతి గీతలు. 1916లో ఓటర్లు నేరుగా ఓటేసి ఒక చట్టం తెచ్చారు. ఒక బ్లాకులో 75 శాతం మంది ఒక జాతివాళ్ళైతే, మరో జాతివాళ్ళు అక్కడికి కాపురం రాకూడదు. మరుసటి ఏడే కెంటకీ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి చట్టాలను కొట్టేసింది. దాంతో అదే పనిని దస్తావేజుల్లోకి మార్చారు. నల్లవాళ్ళకు అమ్మకూడదని, అద్దెకివ్వకూడదని ఇరుగుపొరుగు రాసుకునే ఒప్పందాలవి. 4600 లాబడీ అవెన్యూలోని రెండు కుటుంబాల ఇటుక ఇంటిని 1945లో నల్లజాతివాళ్ళైన షెల్లీ కుటుంబం కొన్నప్పుడు అడ్డొచ్చింది 1911 నాటి అలాంటి ఒప్పందమే. 1948లో సుప్రీంకోర్టు ఆ ఒప్పందాలను కోర్టులు అమలు చేయరాదని తీర్పు చెప్పింది. ఆ ఇల్లు ఇప్పుడు జాతీయ చారిత్రక చిహ్నం. చుట్టూ ఉన్న ఎన్నో ఇళ్ళకు ఆ రక్షణ దక్కలేదు.

1930లలో ఫెడరల్ గృహరుణ సంస్థ నగరాలకు రంగు పటాలు వేయించింది. ఆకుపచ్చ అన్నిటికన్నా మంచిది, తర్వాత నీలం, పసుపు, చివర ఎరుపు. పాత ఇళ్ళు, నల్లవాళ్ళు ఉన్న వాడలకు ఎరుపు పడింది. 1934లో వచ్చిన ఫెడరల్ రుణ బీమా కూడా దాదాపు ఇదే చూపుతో నడిచింది. కొత్త శివారు ఇంటికి తక్కువ వడ్డీతో దీర్ఘకాలిక అప్పు, పాత ఇటుక ఇంటి కప్పు మార్చడానికి మాత్రం దాదాపు సున్నా. యజమాని ఎంత శ్రద్ధగలవాడైనా అప్పు పుట్టని చోట మరమ్మతు వాయిదా పడుతుంది. వాయిదా పడిన మరమ్మతే తర్వాతి సర్వేలో పాడుబడ్డ వాడ అనే ముద్రకు ఆధారమవుతుంది.

ఆ ముద్రతో 1959లో మిల్ క్రీక్ వ్యాలీలో కూల్చివేత మొదలైంది. 454 ఎకరాలు, దాదాపు 20,000 మంది, అత్యధికులు నల్లవాళ్ళు. ఇళ్ళు పోయినవాళ్ళలో చాలామంది ఉత్తర వాడల్లో ఇప్పటికే కిక్కిరిసిన ఇళ్ళలో చేరారు. 33 భవనాల ప్రూయిట్-ఐగో ఎత్తైన గృహ సముదాయం 1954లో తెరుచుకుని 1976 నాటికి నేలమట్టమైంది. పక్కనున్న ద విల్‌కు ఊపిరిగా ఉన్న హోమర్ జి. ఫిలిప్స్ ఆసుపత్రి 1937 నుంచి నల్లజాతి వైద్యులకు శిక్షణ ఇచ్చి, 1979లో మూతపడింది. ఆసుపత్రి పోతే నర్సులు, డాక్టర్లు, వాళ్ళ జీతం మీద నడిచే దుకాణాలు పోతాయి. ఒక వాడ ఇళ్ళ లెక్క రాసేటప్పుడు పక్కనున్న జీతాల లెక్క కూడా రాయాలనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

తెలుగువాళ్ళలో ఈ ఊరు చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు. 2017 తానా మహాసభలు డౌన్‌టౌన్‌లోనే జరిగాయి. అక్కడి హిందూ దేవాలయం మాత్రం పశ్చిమాన బాల్విన్ వైపు ఉంది. శివార్లలో ఇల్లు, డౌన్‌టౌన్‌లో సభ అన్న రాకపోకల్లో ఉత్తర వాడలు దారిలో తగలవు. డెల్మార్ వీధికి ఉత్తరాన ఒక ఊరు, దక్షిణాన మరో ఊరు అని స్థానికులు చెప్పే విభజన బయటివాళ్ళ కంట పడకపోవడానికి ఇదొక కారణం.

## పన్ను బకాయి నుంచి బొమ్మరిల్లు దాకా

ఒక ఇంటి పతనం సాధారణంగా ఇలా నడుస్తుంది. ఇంటి పెద్ద చనిపోతారు. వీలునామా ఉండదు, ఉన్నా కోర్టులో పెట్టరు. దస్తావేజు చనిపోయినవారి పేరు మీదే ఉండిపోతుంది. వారసులు నాలుగు ఊళ్ళలో ఉంటారు. హక్కు తేలని ఇంటి మీద బ్యాంకు అప్పివ్వదు, బీమా దొరకడం కష్టం, మరమ్మతు సాయాలకు దరఖాస్తు కూడా నిలవదు. పన్ను కట్టాల్సింది ఎవరన్నది తేలదు. కొన్నేళ్ళ బకాయి తర్వాత నగరం దావా వేసి, షెరీఫ్ వేలంలో పెడుతుంది. పాట పాడేవాళ్ళు లేకపోతే ఆ స్థలం ల్యాండ్ రీయుటిలైజేషన్ అథారిటీకి చేరుతుంది. 1971లో ఏర్పడిన ఈ సంస్థ దేశంలోనే మొదటి భూమి బ్యాంకు. ఇప్పుడు నగరంలో అందరికన్నా ఎక్కువ స్థలాలున్నది దానికే. ఎవరికీ వద్దన్నవి మాత్రమే దానికి వస్తాయి. పన్ను రాని ఆస్తి, గడ్డి కోయాల్సిన ఖర్చు.

వేలంలో పాడేవాళ్ళు దొరికినా పరిస్థితి మెరుగని చెప్పలేం. చవకగా కొని, ధర పెరిగేదాకా ముట్టుకోకుండా ఉంచే కంపెనీలు పన్ను మాత్రం కడుతుంటాయి. కాబట్టి పన్ను రికార్డులో ఆ ఇల్లు ఆరోగ్యంగా కనిపిస్తుంది. బకాయిల జాబితా ఒక్కటి చూసి ఖాళీ ఇళ్ళ పటం గీస్తే తప్పు వచ్చేది ఇక్కడే.

కాగితం మీద ఇది నడుస్తుండగా ఇంటి మీద నీరు పని చేస్తుంది. ఈ ఇళ్ళలో చాలావాటి కప్పు చదునుగా కనిపించినా వెనక్కి వాలి ఉంటుంది. వాననీరంతా వెనక తూముకే చేరుతుంది. రాగి గొట్టాలు, తూములు మొదట దొంగల పాలవుతాయి. అప్పుడు నీరు నేరుగా వెనక గోడ మీద పడుతుంది. అది మెత్తటి ఇటుక. తడిసి, గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టే చలికాలాలు కొన్ని చాలు, సున్నం ఇసుకలా రాలుతుంది. మరోవైపు పిట్టగోడ మీద కప్పిన మట్టిపెంకులు ఊడితే నీరు గోడ లోపలి పొరల్లోకి దిగి, దూలాల చివరలను కుళ్ళబెడుతుంది. వీధిలోంచి చూస్తే ముఖం నిగనిగలాడుతూనే ఉంటుంది.

కొన్నిసార్లు మంచి ఉద్దేశంతో చేసిన మరమ్మతే కీడు చేస్తుంది. రాలిన సున్నం చోట గట్టి పోర్ట్‌లాండ్ సిమెంటు నింపితే, గోడలోని తేమ సిమెంటు గీతలోంచి బయటికి రాలేక ఇటుకలోంచి వస్తుంది. శీతాకాలంలో ఇటుక ముఖం పెచ్చులుగా ఊడుతుంది. నమోదు చేసేటప్పుడు సున్నం గీత రంగు, గట్టితనం రాసుకోమనడం అందుకే. బూడిద రంగు గట్టి గీత పక్కన పెచ్చులూడిన ఇటుక కనిపిస్తే కారణం అక్కడే దొరికినట్టు.

చివరి దశ ఇటుక దొంగతనం. సెయింట్ లూయిస్ పాత ఇటుకకు అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో గిరాకీ ఉంది. ఖాళీ ఇంటికి నిప్పు పెడితే, ఆర్పడానికి వచ్చే నీటి ధార ఇటుకల మధ్య సున్నాన్ని కడిగేస్తుంది, పని సులువవుతుంది. గోడలు పోయి, అంతస్తులు, గదుల రంగులు బయటికి తెరుచుకుని నిలబడ్డ ఇళ్ళను అక్కడి వాళ్ళు బొమ్మరిళ్ళంటారు. పేరు ముద్దుగా ఉంది గానీ, దాని పక్కింట్లో పిల్లలతో కాపురముంటున్న కుటుంబానికి అది నిద్రపట్టనివ్వని గోడ.

## ఒక ఇంటి కాగితాలను తవ్వే వరస

మొదట కావాల్సింది అడ్రసు కన్నా సిటీ బ్లాక్ నంబరు. ఈ నగరంలో ప్రతి బ్లాకుకూ నంబరుంది, పాత దస్తావేజులు దాన్నే వాడతాయి. అడ్రసులు మారతాయి, వీధి పేర్లు మారతాయి. మొదటి ప్రపంచ యుద్ధం వేడిలో జర్మన్ పేర్లు పోయి బెర్లిన్ అవెన్యూ పెర్షింగ్ అయింది. ఈస్టన్ అవెన్యూ 1972లో మార్టిన్ లూథర్ కింగ్ డ్రైవ్ అయింది. 1950 నాటి నగర డైరెక్టరీలో (ఏ అడ్రసులో ఎవరున్నారో చెప్పే పుస్తకం) కింగ్ డ్రైవ్ వెతికి, ఇల్లు లేదనుకుని వదిలేసిన పరిశోధనలు ఉంటాయి.

తర్వాత అసెసర్, అంటే పన్ను కోసం ఆస్తి విలువ కట్టే అధికారి, రికార్డు. యజమాని, పార్సిల్ కొలత, కట్టిన ఏడు దొరుకుతాయి. కట్టిన ఏడును నమ్మకూడదు, చాలా ఇళ్ళకు ఒకప్పుడెవరో అంచనాగా వేసిన అంకె అది. నిర్ధారణకు నిర్మాణ అనుమతి చూడాలి. అందులో యజమాని, కాంట్రాక్టరు, కొలతలు, ఖర్చు ఉంటాయి. అయితే అనుమతి తీసుకున్నంత మాత్రాన కట్టినట్టు కాదు. కట్టారా లేదా తేల్చేది సాన్‌బోర్న్ అగ్నిబీమా పటాలు.

ఈ పటాలు అంగుళానికి 50 అడుగుల స్కేలులో ఉంటాయి. గులాబీ రంగు ఇటుక, పసుపు చెక్క, నీలం రాయి లేదా కాంక్రీటు, బూడిద రంగు లోహం. డి అక్షరం నివాసం, ఎస్ దుకాణం, పక్కనున్న అంకె అంతస్తులు. వరుస సంచికలను పక్కపక్కన పెడితే, ఏ దశాబ్దంలో వెనక చెక్క వరండా ఇటుక గదైందో, ఏ దుకాణం ఇల్లైందో తెలుస్తుంది. ఒక చిక్కుంది. కంపెనీ కొత్త పటం ముద్రించకుండా, మార్పులను చీటీలుగా పాత షీటు మీద అంటించి పంపేది. 1909 అని ముద్రించిన షీటులో 1950 వరకు అంటించిన చీటీలుండొచ్చు. అంచున రాసిన సవరణ తేదీ చూడకుండా చెప్పిన ఏడు చెల్లదు.

వీటికన్నా ముందటి కాలానికి కాంప్టన్, డ్రై అనే ఇద్దరు 1875 నాటి ఊరిని గీసి 1876లో వెలువరించిన 110 పలకల పక్షిచూపు చిత్రం ఉంది. ఒక్కొక్క ఇంటి కిటికీలు కూడా గీశారు. సాక్ష్యంగా అద్భుతం, కొలతగా మాత్రం కాదు.

మనుషుల వివరాలకు నగర డైరెక్టరీలు, జనగణన. 1890 జనగణన కాగితాలు 1921 అగ్నిప్రమాదంతో దాదాపు అన్నీ పోయాయి కాబట్టి ఆ దశాబ్దానికి డైరెక్టరీయే దిక్కు. 1930, 1940 గణనల్లో సొంత ఇంటి విలువ, అద్దె మొత్తం ఉంటాయి. గణన కాగితాలను 72 ఏళ్ళు గోప్యంగా ఉంచే నియమం వల్ల 1950 కాగితాలు 2022లో బయటికొచ్చాయి. వాడ శిఖరాన ఉన్న క్షణం అదే కనుక, ఒక బ్లాకు మొత్తం ఆ ఏడాది ఎవరెవరున్నారో రాసిపెడితే తర్వాతి ఖాళీని కొలవడానికి గీటురాయి దొరుకుతుంది. చివరగా దస్తావేజుల వరస, పన్ను దావా, కూల్చివేత అనుమతి. ఈ మూడు తేదీల మధ్య దూరమే చాలాసార్లు అసలు కథ.

## వీధిలో చేసే పని

ఒక ఇంటికి కనీసం ఎనిమిది ఫోటోలు కావాలి. ముఖం నేరుగా, ముందు రెండు మూలలు, వెనక సందులోంచి వెనక గోడ, వీలైతే వెనక మూలలు, చూరు, గుమ్మం, వీధి రెండు దిక్కులా. ఒక్కటే తీసే వీలుంటే వెనక గోడ తీయాలి. ఇంటి నిజమైన స్థితి అక్కడుంది, ముఖం ఫోటో ఎవరో ఒకరు ఎప్పుడో తీసే ఉంటారు.

నవంబరు నుంచి మార్చి దాకా అనువైన కాలం. వేసవిలో తీగలు, పిచ్చి చెట్లు గోడలను కప్పేస్తాయి. మబ్బు పట్టిన రోజు ఇటుక వివరం బాగా పడుతుంది. కెమెరాను పైకి వంచితే గోడలు లోపలికి వాలినట్టు వచ్చి, తర్వాత కొలతలు తీయడం కుదరదు. ఎదురు కాలిబాట మీదికి వెళ్ళి, కెమెరా సమంగా పట్టుకుని తీయాలి. అడుగుల గుర్తులున్న కర్ర ఒకటి గోడకు ఆనించాలి.

కర్ర లేకపోతే ఇటుకే కొలబద్ద. చేతికందే ఎత్తులో పది వరసల ఎత్తును టేపుతో కొలిచి, ఫోటోలో వరసలు లెక్కపెడితే చూరు ఎత్తు అంగుళాల తేడాతో వస్తుంది. ప్రతి గోడకూ విడిగా కొలవాలి. ముందున్న ఒత్తిన ఇటుక సన్నగీతలతో ఉంటుంది, పక్క గోడ వరసలు అంతకన్నా ఎత్తు. ముందు గోడ లెక్కతో పక్క గోడను కొలిస్తే రెండంతస్తుల ఇంట్లో అడుగుకు మించి తేడా రావచ్చు.

ఫైలు పేరులో బ్లాక్ నంబరు, అడ్రసు, ఏడు-నెల-తేదీ, దిక్కు వరసగా ఉండాలి. ఫోన్ జీపీఎస్ 25, 30 అడుగుల వెడల్పు స్థలాల మధ్య పక్కింటికి జారిపోవడం మామూలే. అందుకే ఒక ఫోటోలో ఇంటి నంబరో, గుర్తుపట్టగల పక్కిల్లో పడాలి. పక్కిల్లు రేపు ఉండకపోవచ్చు కాబట్టి రెండు వైపులా తీయడం మేలు.

స్థితిని బాగుంది, ఫరవాలేదు, బాగాలేదు అని ఒక్క మాటలో రాస్తే ఇద్దరు మనుషులు రెండు రకాలుగా రాస్తారు. కప్పు, పిట్టగోడ, వెనక గోడ, తలుపులు-కిటికీలు, పునాది అని విడదీసి, ఒక్కొక్కదానికి సున్నా నుంచి మూడు దాకా అంకె వేసి, ఏ అంకెకు ఎలాంటి గోడ అన్న నమూనా ఫోటోలు చేతికివ్వాలి. ఖాళీ ఇల్లు, వదిలేసిన ఇల్లు ఒకటి కాదన్నది మరో జాగ్రత్త. కరెంటు మీటరు పీకేసి ఉండటం, బిగించిన పలకలు, తపాలా శాఖ ఖాళీ అని గుర్తించిన అడ్రసులు సూచనలు. నీటి వాడకం చూసి కనిపెట్టడం చాలా ఊళ్ళలో కుదురుతుంది. ఇక్కడ ఎన్నో ఇళ్ళకు మీటరు లేకుండా నిర్ణీత మొత్తంలో బిల్లు వేస్తారు కాబట్టి అది పనిచేయదు.

ఖాళీ ఇంట్లోకి వెళ్ళకూడదు. చట్టం సంగతి అలా ఉంచి, దూలం చివర కుళ్ళిందో లేదో పైనుంచి తెలియదు.

## సర్వేల పరిమితి

డెట్రాయిట్‌లో 2013-14 చలికాలంలో జట్లు ఫోన్లు పట్టుకుని దాదాపు 3,80,000 పార్సిళ్ళను ఫోటో తీసి గ్రేడు వేశాయి. వేగంలో అది కొత్త కొలమానం. కానీ వాడిన ప్రశ్నలు ఏది కూల్చాలన్న దాని చుట్టూ ఉన్నాయి. ఇంటి రకం, వయసు, చరిత్రకు విడిగా పనిచేయాల్సి వచ్చింది. సర్వే దేనికోసమో ముందే నిర్ణయించుకోకపోతే, కూల్చివేత జాబితాగా మారడం దాని సహజ గమ్యం. బాల్టిమోర్‌లో ఇళ్ళు ఉమ్మడి గోడలతో అతుక్కుని ఉంటాయి కాబట్టి ఒక ఇల్లు కూల్చితే పక్కింటి లోపలి గోడ వానకు బయటపడుతుంది. అక్కడ నమోదుకు కొలత ఇల్లు కాదు, వరస. సెయింట్ లూయిస్ ఇళ్ళ మధ్య మనిషి పట్టేంత సందుంటుంది. ఒక్కొక్కటిగా కూల్చడం తేలిక, వాడ చిల్లులు పడినట్టు పలచబడటమూ అంతే తేలిక.

ఒక్కసారి తీసిన సర్వే పాతబడేది చాలా త్వరగా. అదే మూల నుంచి, అదే ఎత్తు నుంచి మూడేళ్ళకోసారి తీసిన ఇరవై ఇళ్ళ వరస, ఒక్కసారే తీసిన రెండు వేల ఇళ్ళకన్నా ఎక్కువ చెబుతుంది.

## రికార్డుకు చట్టంలో ఉన్న బలం

1933లో చార్లెస్ పీటర్సన్ ప్రతిపాదనతో మొదలైన చారిత్రక భవనాల సర్వే హాబ్స్ కొలత గీతలు, పెద్ద నెగటివ్ ఫోటోలు, రాతపూర్వక చరిత్ర తయారుచేసి కాంగ్రెస్ గ్రంథాలయంలో పెడుతుంది. 500 ఏళ్ళు నిలవాలన్నది ప్రమాణం. 1939 నుంచి సెయింట్ లూయిస్ నదీతీరంలో 40 బ్లాకులు కూల్చినప్పుడు కొన్ని భవనాలు ఇలా కాగితం మీద మిగిలాయి. ఆ స్థలంలోనే తర్వాత ఊరికి గుర్తుగా నిలిచిన గేట్‌వే ఆర్చ్ వచ్చింది. కాపాడలేని దానికి బదులుగా రికార్డు చేయడమన్న అలవాటు అప్పటి నుంచే ఉంది. దాన్ని రాజీ అనడం న్యాయం, విజయం అనడం కాదు.

1966 చారిత్రక పరిరక్షణ చట్టంతో వచ్చిన చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టర్ గురించి అపోహ ఎక్కువ. అందులో పేరుంటే ఇల్లు కూల్చకూడదని అనుకుంటారు. సొంత డబ్బుతో కూల్చే యజమానిని అది ఆపదు. రాక్ అండ్ రోల్ సంగీతకారుడు చక్ బెర్రీ 1950లలో ఉన్న విటియర్ వీధి ఇల్లు 2008లో రిజిస్టర్‌కెక్కింది. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఖాళీగానే ఉంది. ఆపగలిగేది స్థానిక సమీక్ష, అదీ ఆ ఇల్లు సమీక్ష పరిధిలోని వాడలో ఉంటేనే.

రిజిస్టర్ అసలు బలం పన్ను రాయితీలో ఉంది. ఆదాయమిచ్చే భవనానికి మరమ్మతు ఖర్చులో 20 శాతం ఫెడరల్ రాయితీ, ఈ నగరంలో మిజోరీ రాష్ట్రానిది మరో 25 శాతం. అద్దె ఇంటి లెక్క ఊహగా వేస్తే, మరమ్మతుకు 2,00,000 డాలర్లయి, పూర్తయ్యాక ఇంటి విలువ 1,20,000 డాలర్లే ఉంటే, మధ్యలో 80,000 డాలర్ల గుంట. ఏ బ్యాంకూ ఆ గుంటకు అప్పివ్వదు. రెండు రాయితీలూ కలిస్తే 90,000 డాలర్లు. కాగితం మీద గుంట పూడుతుంది. కానీ రాయితీ పని పూర్తయ్యాక వస్తుంది, ఫెడరల్‌ది అయిదేళ్ళకు పంచుతారు, అమ్ముకుంటే పూర్తి విలువ రాదు. మధ్యకాలానికి డబ్బు సర్దగలిగినవాళ్ళే లాభపడతారు. సొంతంగా నివసించే ఇంటికి ఫెడరల్ రాయితీ లేదు, రాష్ట్రానిదే ఉంది.

దరఖాస్తులో ముందటి ఫోటోలు తప్పనిసరి. మెట్లు, తలుపు చట్రాలు, గారా పని తొలగించాక తీసినవి పనికిరావు. రికార్డు నేరుగా డాలర్లుగా మారే చోట్లలో ఇదొకటి.

## ఇప్పుడు ఏ ఇళ్ళు ముందు

టోర్నడో తర్వాతి కూల్చివేతల్లో ఫెడరల్ డబ్బు చేరితే 1966 చట్టంలోని 106వ సెక్షన్ కింద సమీక్ష జరగాలి. సొంత ఖర్చుతో యజమాని కూల్చితే ఆ ప్రశ్నే రాదు. సమీక్ష లేని దారిలో పోయే ఇళ్ళే రికార్డు లేకుండా పోతాయి కనుక, తక్కువ మందితో పనిచేసే బృందాలకు వరస ఇలా ఉండటం మంచిది: కూల్చివేత అనుమతి పడ్డవి, తర్వాత కప్పు పోయి గోడలు నిలిచినవి, ఆ తర్వాత వీటికి ఆనుకుని జనం ఉంటున్నవి. అనుమతులు బహిరంగ రికార్డులే, వారానికోసారి చూడొచ్చు.

జనం ఉన్న ఇళ్ళ దగ్గర అడిగి తీయాలి. నమోదైన ఖాళీ ఇళ్ళ అడ్రసుల జాబితాను, వెనక గోడల ఫోటోలతో సహా, వెంటనే అందరికీ తెరిచి పెట్టడం వేరే ప్రమాదం. ఇటుక దొంగలకు కూడా పనికొచ్చే జాబితా అదే. గ్రంథాలయాలు, నగర కార్యాలయాలకు పూర్తి ప్రతి ఇచ్చి, బయటికి బ్లాకు స్థాయి వివరాలే పెట్టి, ఇల్లు మరమ్మతైనాకో కూల్చినాకో అడ్రసు తెరవడం ఆచరణలో కుదిరే పద్ధతి.